గడప మీద ఎర్రమన్ను

మే నెల పందొమ్మిది, సోమవారం. ఆ పొద్దున మోసెలంచ తిన్నది పులిసిన జొన్న గంజి, ఒక్క గిన్నెడు. తారీకు గుర్తుండిపోవడానికి కారణం, మే నెలతోనే చలికాలం మొదలయ్యే ఆ దక్షిణార్ధగోళపు కొండ ఊళ్ళో, తూర్పు కొండ నెత్తిన ఆ ఏటి మొదటి మంచు ఆ రోజే కనిపించింది. గంజి గుర్తుండిపోవడానికి కారణం, తల్లుల సంఘం అధ్యక్షురాలు మాకత్లెహో అందరి ముందూ ఆ సంగతి అడిగింది.

"పొద్దున ఏం తిన్నావే మోసెలంచా?"

"గంజి తాగానమ్మా."

"ఉత్త గంజేనా? అందులో గుడ్డు లేదా?"

కొందరు నవ్వారు. కోళ్ళ షెడ్డు రాతిగోడకి ఎండ తగిలే వైపు పన్నెండు మంది ఆడవాళ్ళు గొర్రెతోళ్ళు పరుచుకుని, కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. దుప్పట్లు భుజం దగ్గర పెద్ద పిన్నీసులతో బిగించి ఉన్నాయి. కోళ్ళని చూసుకునే మోసెలంచ నీళ్ళ బకెట్ పట్టుకుని షెడ్డు తలుపు దగ్గర నిలబడి ఉంది. సంఘంలో ఉన్నవాళ్ళకే కూర్చునే హక్కు. సంఘంలో ఉండాలంటే తల్లి పేరు ఉండాలి. కోడలు గడప దాటగానే, పుట్టబోయే బిడ్డ పేరుకి ముందు 'మా' చేర్చి అత్త పెట్టే పేరది. మోసెలంచకి ఏ అత్తా ఏ పేరూ పెట్టలేదు. ఆమెకున్నది పుట్టినప్పటి పేరే: మోసెలంచ, అంటే కుక్కతోక. ముందు పుట్టిన ముగ్గురూ పొత్తిళ్ళలోనే పోతే, ఈసారైనా చావు కన్ను పడకూడదని నాయనమ్మ పెట్టింది. చావు నిజంగానే మొహం తిప్పుకుని పోయింది. పేరు మాత్రం నలభై రెండేళ్ళుగా ఆమెని వదలలేదు.

"నేను తినలేదమ్మా," అంది మోసెలంచ.

"మరి అరవై కోళ్ళకి ఇరవై గుడ్లేంటి? మిగతావి పాము మింగిందా?"

"పాముకి ఈ చలిలో నోరు తెరుచుకుంటుందా?" అంది మాతబిసెంగ్. ఊళ్ళో జొన్న బీరు కాచేది ఆమే. పెద్ద మనిషి, పెద్ద నవ్వు. "పోనీలే అక్కా, ఆ పిల్లని చూడు, గుడ్లు తిన్న ఒళ్ళులా ఉందా?"

మాకత్లెహో ఆ మాట అక్కడితో వదిలేసింది. ఆమె చెడ్డది కాదు. ఊళ్ళో కోళ్ళ పెంపకం మొదలుపెట్టించింది ఆమే, షెడ్డు రాళ్ళు తలమీద మోసిందీ ఆమే. ఇంకో పది రోజుల్లో కనుమ మంచుతో మూసుకుపోతుంది. ఆగస్టు దాకా దాణా లారీ రాదు. ఉన్న బస్తాలు ముప్పై కోళ్ళకే సరిపోతాయి. కాబట్టి శనివారం టౌను నుంచి కోళ్ళ బేరగాడు త్సెకో వ్యాను వేసుకుని వచ్చినప్పుడు సగం కోళ్ళు ఎక్కించెయ్యాలి. ఇదంతా ఆమె మెల్లగా, ఒక్కో మాటా తూచి చెప్పింది.

"ఏవి పోవాలో చూస్తే తెలుస్తుంది," అంది చివర్లో. "ఈకలూడి, మెడ బోసిపోయి, కాళ్ళు తెల్లబడ్డవి. అవి చలికి ఎలాగూ చస్తాయి. నున్నగా, బలంగా ఉన్నవి ఉంటాయి. అంతే."

మోసెలంచ బకెట్ కింద పెట్టింది. పెట్టాక గాని తను మాట్లాడబోతున్నానని ఆమెకే తెలియలేదు.

"అమ్మా, గుడ్లు పెట్టేది ఆ ఈకలూడినవే."

పన్నెండు తలలూ ఒక్కసారి తిరిగాయి.

"ఒంట్లో ఉన్నదంతా గుడ్డుకే పోతుందమ్మా. అందుకే కాళ్ళ పసుపు పోతుంది, ముక్కు పాలిపోతుంది, ఈకలు మార్చుకునే తీరిక కూడా ఉండదు. నున్నగా ఉన్నవి ఎండాకాలంలోనే పని మానేసి కొత్త ఈకలు కట్టుకున్నాయి. అవతలి దేశంలో, నేను పనిచేసిన ఫారంలో..."

"అవతలి దేశం కోళ్ళు చదువుకున్నవేమో," అంది మాకత్లెహో. "మనవి బడికి పోలేదు."

నవ్వులు సద్దుమణిగే దాకా మోసెలంచ ఆగింది. తర్వాత ఒక కోడిని పట్టుకుని చంకన ఇరికించుకుంది. "తోక కింద రెండెముకలుంటాయి. వాటి మధ్య మూడు వేళ్ళు పడితే గుడ్డు పెడుతున్నట్టు. ఒక్కటే పడితే మానేసినట్టు. ఎవరైనా వచ్చి పెట్టి చూడండమ్మా."

ఈసారి మాతబిసెంగ్ నవ్వు పక్క పేటలోకి కూడా వినిపించి ఉంటుంది. "కోడికి వెనకాల వేళ్ళు పెట్టాలా! నా మొగుడికి తెలిస్తే నా చేతి బీరు తాగుతాడా?" దుప్పట్లలో మొహాలు దాచుకుని నవ్వారు. ఎవరూ లేవలేదు. ఎర్ర దారం కట్టిన ఆ కోడి మోసెలంచ చంకలో బుద్ధిగా కళ్ళు మూసుకుంది.

కోళ్ళకి దారాలు కట్టింది మాకత్లెహోనే. ఒక్కో తల్లి ఐదేసి కోడిపిల్లలు తెచ్చింది, ఒక్కొక్కరిదీ ఒక్కో రంగు ఉన్ని దారం. మాకత్లెహోవి నీలం. తెలుపూ నలుపూ చుక్కల్లో నిగనిగలాడుతూ, పసుపు పూసినట్టున్న కాళ్ళతో ఆ ఐదూ గోడవార నడుస్తుంటే పెళ్ళికూతుళ్ళలాగే ఉంటాయి. ఆమె వారానికోసారి బంగాళాదుంప తొక్కు తెచ్చి వాటికే వేసేది.

"శనివారం పొద్దున ఏరుదాం," అని ఆమె లేచింది.

*

చెప్తే వినని వాళ్ళకి చూపించాలి. వేలితో చూడరు, కంటితో చూస్తారు.

మధ్యాహ్నం గుడ్లు ఏరి, డ్రమ్ములో నీళ్ళు మార్చి, మోసెలంచ సంచీ భుజాన వేసుకుని వాగు గట్టుకి దిగింది. గట్టు ఒకచోట కోసినట్టు ఎర్రగా ఉంటుంది. వసంతంలో ఇళ్ళ గోడలకి ముగ్గులు తీర్చడానికి ఆడవాళ్ళు తవ్వుకునేది ఆ మన్నే. ఈడొచ్చాక పట్టే దీక్ష ముగించుకుని కొండ దిగే ఆడపిల్లలు ఒంటికి పూసుకునేదీ అదే. వేళ్ళు కొంకర్లు పోయేదాకా చిన్న పారతో గీకి, అర సంచీ నింపుకుంది.

ఇంటికొచ్చి మన్నుని రాతి మీద మెత్తగా నూరింది. గొర్రె తోక కొవ్వు ఒక ముద్ద దాచుకుని ఉంది, చలికాలం పెదాలు పగిలితే రాసుకోను. పిడకల పొయ్యి మీద దాన్ని కరిగించి మన్నులో పోసి, వేడి చల్లారకముందే అరచేత్తో కలిపింది. చల్లారాక వేలు పెట్టి చూసింది. వేలు ఎర్రనైంది. దుప్పటికి తుడిచింది. దుప్పటీ ఎర్రనైంది. సరిపోయింది.

గుడ్ల గూళ్ళంటే పళ్ళ పెట్టెలే, మోకాలెత్తు బల్ల మీద వరసగా పదిహేను. ఒక్కో పెట్టెకి ముందు అడ్డంగా అరచెయ్యంత చెక్క ఉంటుంది, గడ్డి జారిపోకుండా. పైన ఇంకో బద్ద కొట్టి దారి ఇరుకు చేసింది. లోపలికి పోయే కోడి వంగి, రొమ్ము ఆ చెక్కకి రాసుకుంటూ పోవాల్సిందే. ఆ చెక్కలకి, గడపకి పసుపు రాసినంత శ్రద్ధగా, ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రమన్ను పూసింది.

రెండు రోజులకొకటి పెట్టే కోడైనా నాలుగు రోజుల్లో ఒక్కసారైనా గూటికెక్కాలి. మంగళ, బుధ, గురు, శుక్ర.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి మొదటి కోడి ఎక్కింది. మెడ మీద ఈకల్లేక చర్మం గులాబీ రంగులో కనిపిస్తున్న ముసలమ్మలాంటిది. గూటి ముందు నిలబడి ఆ వాసన నచ్చక తల అటూ ఇటూ తిప్పింది. కోడి ఒకసారి సణిగి, వంగి, దూరింది. అరగంటకి ఊరంతా వినేలా అరుచుకుంటూ బయటికి దూకింది. రొమ్మున అడ్డంగా ఎర్రటి పట్టీ.

"శభాష్ తల్లీ," అంది మోసెలంచ పైకే.

రోజుకి రెండుసార్లు ఆమె మళ్ళీ పూసింది. గూళ్ళలో గుడ్లు ఏరింది. నీళ్ళ డ్రమ్ము వెనక రెండు రోజులకొకసారి ఎవరో పెట్టిపోయే గుడ్డు కూడా తీసింది. గూళ్ళు చాలక సిగ్గుపడ్డ పెట్టేదో అక్కడ పెడుతోందనుకుంది.

పనంతసేపూ కాళ్ళ దగ్గర కుంటిది తిరుగుతూనే ఉంది. పిల్లగా ఉన్నప్పుడు తలుపు కింద పడి దాని కుడికాలు వంకరపోయింది. దారం ఎప్పుడో తెగిపోయింది, ఎవరిదో ఎవరికీ గుర్తులేదు. మోసెలంచ కూర్చుంటే ఆమె మడమ పక్కనే కూర్చుంటుంది, లేస్తే లేస్తుంది. మిగతా కోళ్ళన్నిటి ఎముకలూ ఆమె వేళ్ళకి తెలుసు. దీన్ని మాత్రం ఎప్పుడూ తిప్పి చూడలేదు. చూస్తే తెలిసిపోతుంది కదా అని.

*

గురువారం మాకత్లెహో తొక్కు గిన్నెతో వచ్చింది. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టి, ఆగిపోయింది.

"ఏం చేశావే ఈ కోళ్ళకి?"

ఎర్ర రొమ్ములు వేసుకుని కోళ్ళు ఆమె చుట్టూ మూగాయి.

"గుర్తులమ్మా. శనివారం చెప్తాను."

"గుర్తులా? మా ఆడపిల్లలు దీక్షలో పూసుకునే మన్ను కోడికి పూసి గుర్తులంటావా?" "ఏం మందు కలిపావు? ఎవరి మీదకి?"

మంచుకు ముందు పశువు రాలినా, బిడ్డ దగ్గినా, చేతబడి అంటూ ఎవరో ఒకరి పేరు బయటికొస్తుంది. తల్లి పేరు లేని ఒంటరిదాని పేరైతే తొందరగా వస్తుంది. మోసెలంచ కలిపిన మన్ను చిప్ప తెచ్చి ఆమె ముందు పట్టుకుంది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆ తెగువ తనకే ఆశ్చర్యం.

"వాసన చూడమ్మా."

మాకత్లెహో వేలితో కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. గొర్రె కొవ్వు, వాగు గట్టు, అంతే. అయినా మొహం విప్పలేదు.

"శనివారం అందరి ముందూ చెప్తావు. చెప్పలేకపోయావో, ఈ షెడ్డు తాళం ఇంకొకరికి ఇస్తాను. విన్నావా?"

"విన్నానమ్మా."

తొక్కు వెయ్యకుండానే ఆమె వెళ్ళిపోయింది. నీలం దారాల పెళ్ళికూతుళ్ళు తలుపు దాకా వెంబడించి, ఉత్త ముక్కులతో వెనక్కి వచ్చాయి.

శుక్రవారం సాయంత్రం మోసెలంచ కోళ్ళని పడుకునే దండె మీదకి ఎక్కిస్తూ ఒక్కొక్కదాన్నీ వెలుతురుకి తిప్పి చూసింది. ఎర్రవి ముప్పై ఐదు. కొన్నిటికి పట్టీ మీద పట్టీ పడి పొట్టంతా మందారం రంగైంది. తెల్లవి ఇరవై ఐదు. ఆ ఇరవై ఐదులో కుంటిది ఒకటి.

దాన్ని దింపి కాసేపు ఒళ్ళో పెట్టుకుంది. రొమ్ము ఈకలు విడదీసి చూసింది. మచ్చ కూడా లేదు. వేలితో కొంచెం మన్ను రాయడానికి ఎంతసేపు? చిప్ప అందేంత దూరంలోనే ఉంది. కుంటిది ఆమె బొటనవేలి గోరుని ముక్కుతో తాకి చూసింది, గింజేమోనని.

ఆమె దాన్ని దండె మీద పెట్టి, చిప్ప తీసుకెళ్ళి వాకిట్లో కడిగేసింది.

*

శనివారం గడ్డి మీద నీటి బొట్లు గాజులా గట్టిపడ్డాయి. త్సెకో వ్యాను ముక్కుతూ మూలుగుతూ గుట్టెక్కి, వెనక ఖాళీ పెట్టెలు దడదడలాడిస్తూ షెడ్డు ముందు ఆగింది. పన్నెండు మంది తల్లులూ వచ్చారు. ఎర్ర కోళ్ళ సంగతి ఊరంతా పాకింది కాబట్టి తల్లులు కాని వాళ్ళూ వచ్చారు.

"మోసెలంచ చెప్తుంది," అంది మాకత్లెహో. కూర్చోలేదు.

మోసెలంచ మాతబిసెంగ్‌ని చెయ్యి పట్టి షెడ్డులోకి తీసుకెళ్ళి, గూటి ముందున్న చెక్క మీద ఆమె అరచెయ్యి పెట్టించింది. మాతబిసెంగ్ బయటికొచ్చి చెయ్యి పైకెత్తింది. ఎర్రగా ఉంది.

"గూట్లోకి పోవాలంటే ఇది దాటాలి," అంది మోసెలంచ అప్పుడు. "గుడ్డు పెట్టడానికి పోయిన ప్రతిదీ మంగళవారం నుంచి ఇది దాటింది. పోనిది దాటలేదు."

ఇక చెప్పాల్సింది లేకపోయింది. ఆమె తలుపు బార్లా తీసింది. కోళ్ళు ఎండలోకి వచ్చాయి.

ముందు బోసి మెడలు, ఊడిన తోకలు, పాలిపోయిన కాళ్ళు. వాటి రొమ్ములన్నీ ఎర్రగా, పండక్కి పోతున్నట్టు. వెనకాల నిదానంగా, తొందరేం లేనట్టు, నున్నటి చుక్కల కోళ్ళు. పసుపు కాళ్ళు. తెల్లటి, శుభ్రమైన రొమ్ములు.

వెనక వరసలో ఒక అవ్వ అంది: "ఓసి వీటి మొహం మండ! ఇన్నాళ్ళూ ఇవా మన దాణా మెక్కింది?"

"సోకు చూసి మోసపోయామే!"

"నా మరదలు లాంటివి! పొయ్యి దగ్గరికి పోదు గాని జడ మాత్రం తప్పదు!"

మాతబిసెంగ్ ఎర్ర చెయ్యి ఊపుతూ నాలుక ఆడించి కూత పెట్టింది. దీక్ష నుంచి దిగే పిల్లలకి ఎదురెళ్ళి పెట్టే కూత అది. ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. అడ్డదిడ్డంగా ఈకలూడిన ఆ కోళ్ళ చుట్టూ ఊరి ఆడవాళ్ళు కూతలు పెడుతుంటే, అవి బెదిరి మోసెలంచ కాళ్ళ చుట్టూ చేరాయి.

మాకత్లెహో కూత పెట్టలేదు. ఆమె నీలం దారాలు వెతుకుతోంది. ఒకటి ఎర్రగా ఉంది. నాలుగు తెల్లగా ఉన్నాయి. తర్వాత తనే వంగి, నాలుగింటినీ ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని, త్సెకో పెట్టెలో తన చేత్తో పెట్టింది.

"అబ్బ, బరువున్నాయి అమ్మా!" అన్నాడు త్సెకో. "ఈకలూడినవి ఇస్తారనుకుని సగం ధరకే వచ్చాను. ఇవైతే పూర్తిగా ఇచ్చుకోవాల్సిందే."

"ఇచ్చుకో మరి," అంది మాకత్లెహో.

ఇరవై నాలుగు ఎక్కాయి. ఇక కుంటిది మిగిలింది. మోసెలంచ దాన్ని ఎత్తుకుని వ్యాను దగ్గరికి నడిచింది. ఎవరూ అడగలేదు. దాని రొమ్ము తెల్లగా ఉందని ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు. పెట్టె మూత తీసి లోపల పెట్టి, మూత వేసింది. చేతులు దుప్పటిలో దాచుకుంది.

"ఇంకా ఐదు ఎక్కువున్నాయి," అంది సంఘంలో ఒకామె. "దాణా ముప్పైకే కదా. గుడ్లు పెట్టేవే అయినా ఐదు పంపాల్సిందే."

కూతలు ఆగాయి. గుడ్డు పెట్టే కోడిని తెలిసి తెలిసి పెట్టెలో పెట్టడానికి ఎవరి చెయ్యీ లేవలేదు.

"మా ఇంట్లో బీరు వడగట్టిన పిప్పి ఉంటుంది," అంది మాతబిసెంగ్. "చలికాలం మీ మొగుళ్ళు ఎక్కువే తాగుతారు, పిప్పీ ఎక్కువే. పందులకి పోస్తున్నాను. పందులు గుడ్లు పెడతాయా? కోళ్ళకే తెస్తాను."

"కోళ్ళు తూలవూ?"

"తూలితే దండె మీద నుంచి పడేది అవే, నువ్వు కాదు. నోర్ముయ్."

అలా ఐదూ నిలిచాయి. మాతబిసెంగ్ మోసెలంచ భుజం మీద ఎర్ర అరచెయ్యి అచ్చు వేసింది. "ఇక నుంచి నిన్ను మాఖొహొ అనాలే. కోళ్ళ తల్లివి! తల్లి పేరొచ్చేసింది, వచ్చి కూర్చో!"

అందరూ ఆ పేరు పట్టుకున్నారు. మాఖొహొ, మాఖొహొ అని చప్పట్లు కొట్టారు. మోసెలంచ నవ్వింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"వద్దక్కా. నన్ను బతికించింది కుక్కతోకే. దాన్ని ఇప్పుడు వదిలేస్తే బాగుండదు."

చప్పట్లు సన్నగిల్లాయి. ఏం చెయ్యాలో తెలియక అందరూ మాకత్లెహో వైపు చూశారు. ఆమె అక్కడ లేదు. వ్యాను వెనకుంది. పెట్టె మూత తీసి, లోపలికి చెయ్యి పెట్టి, కుంటిదాన్ని బయటికి లాగింది. సోమవారం మోసెలంచ చూపించినట్టే దాన్ని చంకన ఇరికించుకుని, తల అవతలికి తిప్పుకుని, వేళ్ళు పెట్టింది.

మాతబిసెంగ్ నవ్వబోయి ఆగింది.

"మూడు," అంది మాకత్లెహో.

"ఏంటమ్మా?"

"మూడు వేళ్ళు పడుతున్నాయే. నువ్వే వచ్చి చూడు." ఆమె గొంతు కోపంగానే ఉంది. "కుంటి కాలుతో మోకాలెత్తు గూటికి ఎలా ఎగురుతుందే ఇది? ఎక్కడో నేల మీద పెట్టుకుంటోంది పాపం. అరవై కోళ్ళ సంగతి తెలిసినదానివి, ఇది తెలియదా నీకు?"

మోసెలంచకి డ్రమ్ము వెనక గుడ్లు గుర్తొచ్చాయి.

మాకత్లెహో వంకర కాలిని వేళ్ళతో తడిమింది. "దారం లేదు. ఎవరిది?"

"ఎవరిదీ కాదమ్మా."

"అయితే నీది." ఆమె దుప్పటి అంచు నుంచి ఒక పోగు లాగి, పళ్ళతో తెంచి, కోడి కాలికి చుట్టి ముడేసింది. "సంఘంలో కూర్చునేవాళ్ళకి కోడుండాలి. పేరు సంగతి నీ ఇష్టం." కోడిని మోసెలంచ చేతుల్లో పెట్టి, గోడవారకి వెళ్ళి, తన గొర్రెతోలు మీద ఒక పక్కకి జరిగి కూర్చుంది.

మోసెలంచ వెళ్ళి ఆ ఖాళీలో కూర్చుని కాళ్ళు చాపుకుంది. ఎండ రాళ్ళని బాగా వేడెక్కించింది. వీపుకి హాయిగా తగిలింది. ఇన్నాళ్ళూ వాళ్ళు ఎందుకు లేవడానికి బద్ధకించేవారో ఇప్పుడు తెలిసింది.

త్సెకో వ్యాను గుట్ట దిగి, వాగు మలుపులో కనబడకుండా పోయింది. మధ్యాహ్నానికి ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళకి లేచారు. మాతబిసెంగ్ మాట నిలబెట్టుకుని మొదటి బకెట్ పిప్పి తెచ్చి పోసింది. ముప్పై ఆరు కోళ్ళు దాని మీద పడ్డాయి. ఒక్కటీ తూలలేదు.

పొద్దు కొండ వెనక్కి వాలేటప్పుడు మాకత్లెహో ఒక్కతే మిగిలింది. మోసెలంచతో కలిసి కోళ్ళని లోపలికి అదిలించింది, ఎర్ర రొమ్ములు దండె మీద వరసగా సర్దుకునే దాకా చూసింది. తర్వాత డ్రమ్ము వెనక్కి వంగి చెయ్యి పెట్టింది. కొంచెంసేపు తడిమి, ఏదో తీసి, దుప్పటి అంచుకి తుడిచి మోసెలంచ అరచేతిలో పెట్టింది. ఇంకా గోరువెచ్చగా ఉంది.

"రేపు పొద్దున గంజిలోకి," అంది.

మోసెలంచ గుడ్డుని రెండు చేతుల్లోనూ మూసుకుని వాకిట్లోకి నడిచింది. వెనకాల మాకత్లెహో, లోపల నిద్రపోతున్నవాటికి చప్పుడు కాకుండా, తలుపుని మెల్లగా దగ్గరికి లాగి, కర్ర గడియ వేసింది.